చిట్టాలో ఉంది, సరుకే లేదు

(హనుమకొండలోని ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. మాట్లాడినవారు: యాంకర్, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్, వరంగల్ వ్యాపారుల సర్వర్లు చూసే అడ్మిన్.)

యాంకర్: డిస్కు మీద ఫైళ్లను సర్దిపెట్టేది ఫైల్ సిస్టమ్, మార్పుల్ని అది ముందుగా రాసుకునే చిట్టా జర్నల్. కరెంటు పోయినప్పుడు జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్ సర్వర్‌ని ఎంత కాపాడుతుంది, దానికోసం స్పీడు ఎంత వదులుకోవాలి అన్నది ఇవాళ్టి ముచ్చట. అన్నా, మీ దగ్గర జరిగిందే ముందు చెప్పండి.

అడ్మిన్: పత్తి సీజన్. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తిదారు షాపు. సాయంత్రం తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు లెక్క చీటీలు, కొడుతుంటే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఎవరూ చూసుకోలేదు. కరెంటు వచ్చాక సర్వర్ నిమిషంలోపే లేచింది, డిస్కులో తప్పులేమీ చూపలేదు. హమ్మయ్య అనుకున్నా. అంతలో గుమాస్తా వచ్చి, "అన్నా, చివరి పట్టీలు కనబడతలేవు" అన్నాడు.

లెక్చరర్: జర్నల్ తన పని తాను చేసిందండీ. ఆ షాపులోనే చిట్టా, ఆవర్జా ఉంటాయి కదా. ముందు చిట్టాలో రాసుకుంటారు, తర్వాత ఆవర్జాకి ఎక్కిస్తారు. మధ్యలో పని ఆగిపోయినా చిట్టా చూసి పూర్తి చేయొచ్చు. అందుకే సర్వర్ అంత తొందరగా లేచింది. జర్నల్ లేని పాత లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ2 రోజుల్లో డిస్కంతా వెతికి సరిచేయాల్సి వచ్చేది, పెద్ద డిస్కయితే గంటలు పట్టేది. కానీ మామూలుగా ఈ చిట్టాలో సరుకు, అంటే ఫైల్లోని అసలు డేటా, ఉండదు. సరుకు ఏ గోదాంలో, అంటే డిస్కులో ఎక్కడ, ఉందన్న లెక్కే ఉంటుంది. దాన్నే మెటాడేటా అంటారు.

యాంకర్: మరి సరుకు కూడా చిట్టాలో రాయించలేమా, మేడమ్?

లెక్చరర్: రాయించొచ్చు. ఈఎక్స్‌టీ2 తర్వాతి తరాల్లో వచ్చిన ఈఎక్స్‌టీ4లో డేటా జర్నల్ అనే మోడ్ ఉంది. కానీ ప్రతి అక్షరం డిస్కు మీద రెండుసార్లు పడుతుంది. పెద్ద ఫైళ్లు రాసే సర్వర్‌కి అది నడ్డి విరిగే బరువు. మామూలుగా వచ్చేది ఆర్డర్డ్ మోడ్. అందులో సరుకు గోదాం చేరాకే లెక్క చిట్టాకెక్కుతుంది. రైట్‌బ్యాక్ అని ఇంకోటి ఉంది, దానికి ఆ వరుస పట్టదు. స్పీడుగా ఉంటుంది కానీ కరెంటు పోయి వచ్చాక మీ ఫైలు తెరిస్తే ఎప్పుడో చెరిపేసిన పాత డేటా కనబడొచ్చు. నలుగురు వాడే సర్వర్‌లో నేనైతే దాన్ని పెట్టను.

యాంకర్: అన్నా, మీది ఏ మోడ్?

అడ్మిన్: ఆర్డర్డే. కానీ... ఒకటి చెప్పాలి. బిల్లింగ్ నెమ్మదిగా ఉందని షాపువాళ్లు సతాయిస్తుంటే బారియర్ ఆపేశా.

లెక్చరర్: అయ్యో! అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. డిస్కులో సొంత క్యాష్, అంటే డేటాని కాసేపు పట్టుకునే చోటు, ఉంటుంది. "రాసేశా" అంటుంది, నిజానికి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంటుంది. బారియర్ ఉంటే ఆ చెయ్యి ఖాళీ చేయించి మరీ ముందుకు పోతుంది. మీరు దాన్ని తీసేశారు. ప్రోగ్రాం ఎఫ్‌సింక్ పిలిచి, అంటే డేటా డిస్కుకి చేరేదాకా ఆగి, జాగ్రత్తపడినా ఉపయోగం లేదు. ఫైల్ సిస్టమే చెడిపోకుండా బయటపడ్డారంటే మీ అదృష్టం!

అడ్మిన్: అదృష్టమే. కానీ మేడమ్, నా బాధ కూడా వినండి. 7200 ఆర్‌పీఎం డిస్కు, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగేది, సెకనుకి 120 సార్లే తిరుగుతుంది. ఒక్కో ఎఫ్‌సింక్‌కి దాదాపు ఒక చుట్టు ఆగాలంటే సెకనుకి వందకు అటూఇటూ. పది మంది ఒకేసారి పట్టీలు కొడితే తెలుస్తుంది ఆ కష్టం.

లెక్చరర్: నిజమే. అందుకు మందు మోడ్ మార్చడంలో లేదు, హార్డ్‌వేర్‌లో ఉంది. డిస్కులను నడిపే, బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు, లేదా కరెంటు పోయినా క్యాష్‌ని దించుకునే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ. అప్పుడు ఎఫ్‌సింక్‌కి వెంటనే జవాబు వస్తుంది, మాట కూడా నిజమే అవుతుంది.

యాంకర్: అంటే తప్పంతా డిస్కుదేనా?

లెక్చరర్: కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లదీ ఉంది. ఈఎక్స్‌టీ4కి ముందున్న ఈఎక్స్‌టీ3 అయిదేసి సెకన్లకి డేటాని దించేసేది, వాళ్లు దానికి అలవాటుపడ్డారు. 2008 డిసెంబరులో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ 2.6.28తో ఈఎక్స్‌టీ4 స్థిరమైన వెర్షన్‌గా వచ్చింది. డిస్కులో చోటు కేటాయించడాన్ని అది వాయిదా వేస్తుంది, స్పీడంతా అక్కడే. మెషిన్ ఆగిపోయి లేచాక కొందరి సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయి. ఫైల్ సిస్టమ్‌ని తిట్టిపోశారు. ఎఫ్‌సింక్ పిలవకుండానే భద్రంగా ఉంటుందనుకోవడం ఎవరి తప్పు? పాపం, చివరికి 2.6.30లో కెర్నెల్ వాళ్లే సర్దుకున్నారు.

యాంకర్: ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ పెడితే ఈ గొడవ తప్పుతుందా?

లెక్చరర్: పెద్ద ఫైళ్లు, ఒకేసారి చాలామంది రాయడం ఉంటే అది బాగుంటుంది. రెడ్ హ్యాట్ లినక్స్ 7 నుంచి మామూలుగా వచ్చేదీ అదే. కానీ అందులోనూ జర్నల్‌కెక్కేది మెటాడేటానే. పట్టీలు పోవడానికి అక్కడా అవకాశం ఉంది.

యాంకర్: అన్నా, ఆ షాపులో ఇప్పుడెట్లుంది?

అడ్మిన్: యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ, బారియర్ ఆన్. కార్డు కొనడానికి సేటు ఇంకా ఆలోచిస్తున్నాడు. "ఎంటర్ కొట్టినాక కొంచెం ఆగుతోంది" అని గుమాస్తా రోజూ అంటాడు. ఆగనీ అంటున్నా.