స్కూల్ ల్యాబ్ కంప్యూటర్లు: ఎవరేం మార్చినా రీస్టార్ట్ చేస్తే మామూలే

నమస్కారం. పిల్లలకు అడ్మిన్ హక్కుల్లేని స్టాండర్డ్ అకౌంటే ఇచ్చాం కదా, ఇంకేం కాదులే అని వదిలేయకండి. పెన్‌డ్రైవ్ పెట్టి దాన్నుంచి బూట్ చేస్తే అసలు మీ విండోసే మొదలవదు. పాస్‌వర్డ్ అడిగేదెవరు? సి డ్రైవ్‌లో సిస్టమ్ ఫైళ్ళు మార్చేసి అడ్మిన్ అయిపోవచ్చు.

కాబట్టి ముందు బయోస్, అంటే విండోస్ కంటే ముందే వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్. ఆన్ అవుతుండగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కండి, బోర్డును బట్టి కీ మారుతుంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టండి. బూట్ ఆర్డర్‌లో లోపలి డిస్క్ ఒక్కటే ఉంచండి. యూఎస్‌బీ బూట్, నెట్‌వర్క్ బూట్, బూట్ మెనూ ఆపేయండి. సరైన డిజిటల్ సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. క్యాబినెట్‌కి తాళం కూడా వేయండి, ఎందుకంటే చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో బటన్ బ్యాటరీ తీసినా, బోర్డు మీదుండే జంపర్ అనే చిన్న క్లిప్ మార్చినా ఆ పాస్‌వర్డ్ ఎగిరిపోతుంది.

ఇదంతా అయ్యాకే బిట్‌లాకర్, అంటే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్. ముందే ఆన్ చేసి, తర్వాత సెక్యూర్ బూట్‌ని కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు.

ఇప్పుడు అసలు పని, యూనిఫైడ్ రైట్ ఫిల్టర్. డ్రైవ్‌లో ఎవరేం మార్చినా రీస్టార్ట్‌తో పోయేలా చేసే విండోస్ ఫీచర్ ఇదే. ఇది విండోస్ ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్‌లలో ఉంటుంది; హోమ్, ప్రో వాళ్ళకు రాదు. విండోస్ ఫీచర్స్‌లో డివైస్ లాక్‌డౌన్ కింద టిక్ పెట్టండి. అప్‌డేట్లు, సాఫ్ట్‌వేర్లు అన్నీ ముందే వేసేయండి. తర్వాత అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, తెర మీద చూపిస్తున్న రెండు కమాండ్లు ఇవ్వండి: ఒకటి ఫిల్టర్ ఎనేబుల్, రెండోది వాల్యూమ్ ప్రొటెక్ట్ సి. ఇవి పనిలోకి రావాలంటే రీస్టార్ట్ చేయాలి, అయితే అది ఇప్పుడే చేయకండి.

రాసినవన్నీ డిస్క్‌కి పోకుండా ఓవర్‌లే అనే తాత్కాలిక పొరలో ఉంటాయి. అది మామూలుగా ర్యామ్‌లో 1024 ఎంబీ. రోజంతా బ్రౌజర్ నడిస్తే చాలదు, నిండిందంటే మెషీన్ బిగుసుకుపోతుంది. ఫిల్టర్ పనిలోకి దిగాక సైజు మార్చనివ్వదు, అందుకే ఇప్పుడే పెంచండి. 8 జీబీ ర్యామ్ ఉంటే 2048 పెట్టుకోవచ్చు. ఇక రీస్టార్ట్ చేయండి.

పిల్లల ప్రాజెక్టులు సి డ్రైవ్‌లో ఉంటే అవీ పోతాయి! సర్వర్‌లో గానీ, ప్రొటెక్ట్ చేయని డి డ్రైవ్‌లో గానీ సేవ్ చేయించండి. ఇది మొదటి రోజే చెప్పాలి, పాపం వాళ్ళ కష్టం పోకూడదు.

డొమైన్‌లో, అంటే లాగిన్లన్నీ ఒక సర్వర్ చూసుకునే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లకు ఇంకో చిక్కుంది. మామూలుగా 30 రోజులకోసారి మెషీన్ తన పాస్‌వర్డ్ తానే మార్చుకుంటుంది. రీస్టార్ట్‌తో పాతది తిరిగొస్తుంది, సర్వర్ దగ్గరేమో కొత్తది ఉంటుంది, దాంతో లాగిన్లు ఆగిపోతాయి. మెషీన్లన్నిటికీ ఒకేచోట సెట్టింగ్స్ పెట్టే గ్రూప్ పాలసీలో ఆ మార్పిడిని ఆపేయండి.

కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే ఫిల్టర్ డిసేబుల్ చేసి రీస్టార్ట్, పని అయ్యాక ఎనేబుల్ చేసి మళ్ళీ రీస్టార్ట్.

చివరగా స్టూడెంట్ అకౌంట్‌లో లాగిన్ అయి డెస్క్‌టాప్ మీద ఒక ఫైల్ సేవ్ చేసి రీస్టార్ట్ కొట్టండి. ఫైల్ ఇంకా అక్కడే ఉంటే గెట్ కాన్ఫిగ్ కమాండ్ ఇచ్చి, సి డ్రైవ్ ప్రొటెక్ట్ అయిందో లేదో చూడండి.