డ్రాయింగ్ టాబ్లెట్ కొనే ముందు ఒక మట్టిగాజు వెతుక్కోండి

[దృశ్యం: బల్ల మీద ల్యాప్‌టాప్. పక్కన నల్లటి పలచటి టాబ్లెట్, దాని మీద ఎర్ర మట్టిగాజు ఒకటి. కిటికీలోంచి దూరంగా కైలాసగిరి.]

నమస్తే అండి. ఇది మా అమ్మ గాజు, 2.6 సైజు. అడిగితే ఇవ్వదని అడక్కుండా తెచ్చాను. వీడియో అయ్యేలోపు పగలకుండా వెనక్కి పెట్టేయాలి, అదొక టెన్షన్.

ఇప్పుడు ఈ గాజుని టాబ్లెట్ మీద పెట్టి, పెన్నుతో లోపలి అంచు వెంట ఒక చుట్టు తిప్పుతాను. చెయ్యి గుండ్రంగానే తిరిగింది. తెర మీద ఏం వచ్చిందో చూడండి.

[తెర మీద: అడ్డంగా సాగిన వృత్తం.]

గుడ్డొచ్చింది. టాబ్లెట్ బాగానే ఉంది, నా చెయ్యీ బాగానే ఉంది. మరి ఇదేంటి? ఇది అర్థమైతే పెట్టె మీద రాసిన అంకెల్లో దేన్ని చూడాలో, దేన్ని వదిలేయాలో చాలావరకు తెలిసిపోతుంది. కాస్త ఆగి చెప్తాను.

అసలు ఈ వీడియో మా పిన్ని కూతురి కోసం. వాళ్లుండేది గాజువాకలో. గాజు కథకి ఊరి పేరు కూడా కలిసొచ్చింది, నేను కావాలని చేసింది కాదు. డిగ్రీ మొదటి ఏడాది. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, 6 వేలు పోగయ్యాయి. బొమ్మలేసుకోడానికి టాబ్లెట్ ఏది కొనమంటావ్?" అంది.

"షాపులో అడిగావా?"

"అడిగాను. పిల్లలు రాసుకునే పలక చూపించారు. బటన్ నొక్కితే చెరిగిపోతుంది, అది."

ఆ షాపాయన తప్పు లేదు. డ్రాయింగ్ టాబ్లెట్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో వెతికినా ముందు ఆ ఎల్‌సీడీ పలకలే వస్తాయి. మూడు నాలుగు వందలకి దొరుకుతాయి, కిరాణా చిట్టా రాసుకోడానికి పనికొస్తాయి, కంప్యూటర్‌కి తగిలించడానికి కాదు. వాటిని వదిలేయండి. ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ట్యాబ్ లాంటివి ఇంకో జాతి, వాటి సంగతి చివర్లో. గీసే చోటే తెర ఉండే పెన్ డిస్‌ప్లేలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ, 6 వేలకి కొత్తవి రావు. మన బడ్జెట్‌లో మిగిలేది ఇదిగో, ఈ నల్ల పలక. పెన్ టాబ్లెట్. దీని మీద గీస్తే బొమ్మ దీని మీద కనపడదు, ల్యాప్‌టాప్ తెర మీద కనపడుతుంది. నేను మొదటిది కొన్నప్పుడు మా అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటే, రాసినా రాత పడని పలకకి ఇంత డబ్బా!" అంది.

[దగ్గరి షాట్: పెన్ను మొన టాబ్లెట్‌కి అంగుళంలో పావు వంతు పైన ఆగి ఉంది. తెర మీద కర్సర్ కదులుతోంది.]

చూడండి, పెన్ను పలకని తాకనే లేదు, కర్సర్ కదులుతోంది. పెన్నులో బ్యాటరీ కూడా లేదు. ఈ నల్ల ప్లాస్టిక్ కింద సన్నటి తీగల వల ఉంటుంది. అది సెకనుకి ఎన్నోసార్లు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఆపి వింటుంది, మళ్లీ పుట్టిస్తుంది. పెన్ను లోపల చిన్న తీగచుట్ట ఉంది. ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చాలు, వేలితో తోసినా పెద్దగా ఊగుతుంది కదా, ఈ తీగచుట్ట కూడా పలక పంపిన ఊపుకి అలా స్పందించి తిరిగి సంకేతం పంపుతుంది. ఏ తీగ దగ్గర ఆ సంకేతం గట్టిగా వినపడితే పెన్ను అక్కడున్నట్టు. మొన మీద నొక్కుడు పెరిగితే ఆ ఊపు కొద్దిగా మారుతుంది, దాన్ని బట్టి గీత లావవుతుంది. ఈ పద్ధతిని ఎలక్ట్రోమాగ్నెటిక్ రెజొనెన్స్, పొట్టిగా ఈఎంఆర్ అంటారు.

మట్టిగాజే ఎందుకు తెచ్చానో ఇప్పుడు తెలిసిందా? లోహం దగ్గరికొస్తే ఆ క్షేత్రం చెదురుతుంది. అందుకే ఇనప బల్ల మీద టాబ్లెట్ పెట్టుకుంటే కొన్నిసార్లు గీత వణుకుతుంది. టాబ్లెట్ పాడైందని తిరిగి పంపేసే ముందు కింద ఒక అట్ట వేసి చూడండి.

ఇక గుడ్డు దగ్గరికి వద్దాం.

ఈ టాబ్లెట్‌లో గీసే చోటు 152 మిల్లీమీటర్ల వెడల్పు, 95 మిల్లీమీటర్ల ఎత్తు. నా ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలది, తెర వెడల్పు సుమారు 345 మిల్లీమీటర్లు, ఎత్తు 194. టాబ్లెట్ ఎడమ అంచు తెర ఎడమ అంచు, కుడి అంచు కుడి అంచు. అంటే అడ్డంగా నా చెయ్యి 1 సెంటీమీటరు కదిలితే తెర మీద 2.27 సెంటీమీటర్లు కదులుతుంది. నిలువుగా మాత్రం 2.04. అందుకే 6 సెంటీమీటర్ల గాజు అక్కడ 13.6 వెడల్పు, 12.2 ఎత్తు అయింది. మనుషుల ముఖం గీస్తే బుగ్గలు ఉబ్బుతాయి. కొత్తవాళ్లు "నాకు ముఖాలు కుదరట్లేదు" అని నెలలు బాధపడతారు, తప్పు ఇక్కడుంటుంది.

దీనికి మందు డ్రైవర్ సెట్టింగ్‌లోనే ఉంది. డ్రైవర్ అంటే టాబ్లెట్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్. వాకమ్ కంపెనీ టాబ్లెట్లలో ఫోర్స్ ప్రపోర్షన్స్ అంటారు, మిగతావాటిలో పేరు కాస్త మారుతుంది. టిక్ పెడితే టాబ్లెట్ కింద దాదాపు ఒక సెంటీమీటరు పట్టీ పనిచేయడం మానేస్తుంది, గాజు మాత్రం గాజులా వస్తుంది. చూడండి.

[తెర మీద: మళ్లీ గాజు చుట్టూ గీత. ఈసారి గుండ్రంగా.]

ఇదే లెక్కలో కొనాల్సిన సైజు కూడా ఉంది. ఇదే చిన్న టాబ్లెట్‌ని 24 అంగుళాల మానిటర్‌కి పెడితే 1 సెంటీమీటరు మూడున్నర అవుతుంది. చేతి చిన్న వణుకు కూడా మూడున్నర రెట్లు కనపడుతుంది. వెంట్రుకలు, చీర అంచు గీసేటప్పుడు ఏడుపొస్తుంది. 10 అంగుళాల వెడల్పు టాబ్లెట్‌ని నా ల్యాప్‌టాప్‌కి పెడితే 1.36 రెట్లే, దాదాపు కాగితం మీద గీసినట్టే. మరి అందరూ పెద్దదే కొనాలా అంటే, మణికట్టుతో చిన్నచిన్నగా గీసే అలవాటున్నవాళ్లకి, మామూలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి చిన్నది సరిపోతుంది. నేను మూడేళ్లు చిన్నదాని మీదే సంపాదించుకున్నాను. మోచెయ్యి కదిలించి పొడవాటి గీతలు లాగేవాళ్లకి మాత్రం చిన్నది ఇరుకు.

పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ప్రెషర్ లెవెల్స్, అంటే మన నొక్కుడుని ఎన్ని మెట్లుగా గుర్తిస్తుందో ఆ లెక్క. 2,048, 4,096, 8,192, ఇప్పుడు 16,384 కూడా వచ్చాయి. దాన్ని చూసి డబ్బులు పెట్టకండి. మామూలు 8 బిట్ బొమ్మలో రంగు చిక్కదనం లేశమంత నుంచి పూర్తిగా వరకు ఉండేది 256 మెట్లే. 40 పిక్సెళ్ల కుంచె ఎంత సన్నబడినా 40 నుంచి 1 వరకే కదా సన్నబడేది. 2,048 మెట్లకే అక్కడ జాగా లేదు. అంతకంటే ముఖ్యమైనది పెట్టె మీద రాయరు: ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుంది అనేది.

[దగ్గరి షాట్: పెన్నుని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, దాని బరువుతోనే గీత లాగడం. ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన మరబోటు తాడు బొమ్మ.]

ఇలా నొక్కకుండా, పెన్ను బరువుతోనే లాగండి. గీత పడితే మంచి పెన్ను. పడకపోతే సన్నటి గీత ప్రతిసారీ నొక్కి గీయాలి, సాయంత్రానికి బొటనవేలు లాగేస్తుంది. ఇంకో పరీక్ష, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తప్పక చేయండి: స్కేలు పెట్టి ఏటవాలుగా, నత్త నడిచినంత మెల్లగా ఒక గీత. అది అలలు అలలుగా వస్తే వదిలేసి వచ్చేయండి. ప్లాస్టిక్ స్కేలు, స్టీలుది కాదు.

నా మొదటి టాబ్లెట్ పెన్ను బ్యాటరీది. ఏ కంపెనీ అన్నది వద్దులెండి. ఒక పెళ్లివాళ్లకి శుభలేఖ బొమ్మ, పొద్దున్న ప్రింటింగ్‌కి ఇవ్వాలి. రాత్రి ఒంటిగంటకి పెళ్లికూతురి జడ సగంలో ఉండగా పెన్ను చచ్చింది. కొత్త బ్యాటరీ వేసినా లేవలేదు. ఆ మిగతా జడ అంతా మౌస్‌తో వేశాను. పెళ్లివాళ్లు గుర్తుపట్టలేదు కానీ, ఇప్పటికీ ఆ కార్డు చూస్తే నాకు జడ కాదు, కొబ్బరితాడు కనపడుతుంది. ఆ తర్వాత విడి పెన్ను కోసం వెతికితే ఆ మోడల్‌కి అమ్మడమే మానేశారు. అందుకే చెప్తున్నా, బ్యాటరీ లేని పెన్నే తీసుకోండి. ఆ పెన్ను విడిగా మన దగ్గర దొరుకుతుందో లేదో టాబ్లెట్ కొనక ముందే వెతికి పెట్టుకోండి.

పెన్ను మొనలు అరుగుతాయి, అది మామూలే. పలక గరుకుగా ఉంటే తొందరగా అరుగుతాయి. మొన ఒక పక్క ఉలిలా పదునెక్కితే మార్చేయండి, లేకపోతే పలక మీద గీతలు పడతాయి.

విశాఖలో ఉన్నవాళ్లకి ఒక విడి మాట. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఏసీ బయటి డబ్బా ఎలా తుప్పు పడుతుందో మీకు తెలుసు. ఉప్పుగాలి యూఎస్‌బీ పిన్నులనీ వదలదు. కేబుల్ ఊడదీసి మార్చుకునే రకం, వీలైతే టైప్-సీ ఉన్నది చూసుకోండి. వాడనప్పుడు పెట్టెలో పెట్టి, చెప్పుల డబ్బాలో వచ్చే ఆ సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. ఇక మే నెల ఉక్కలో చెమటకి అరచెయ్యి పలకకి అతుక్కుపోయి గీత మధ్యలో ఆగుతుంది. రెండు వేళ్ల గ్లవ్ అమ్ముతారు. నేను పాత కాటన్ గ్లవ్‌కి మూడు వేళ్లు కత్తిరించి వాడుతున్నాను.

మోడళ్లు అడుగుతారని తెలుసు. వాకమ్ 1983లో జపాన్‌లో పెట్టిన కంపెనీ. వాళ్లలో చవకది వన్ బై వాకమ్ స్మాల్, సీటీఎల్-472. ఇందాకటి నుంచి నేను చూపిస్తున్నది అదే. 2,048 లెవెల్స్, పక్కన షార్ట్‌కట్ బటన్లేమీ ఉండవు. హుయాన్ హెచ్640పీ దాదాపు అంతే సైజు, 160 బై 99 మిల్లీమీటర్లు, 6 బటన్లు. పెద్దది కావాలంటే ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2, 10 బై 6.25 అంగుళాలు, 8 బటన్లు, పెన్ను వంపుని కూడా గుర్తిస్తుంది. చిన్నవి సుమారు రెండున్నర వేల నుంచి నాలుగున్నర వేల మధ్య, మధ్య సైజువి ఐదు వేల నుంచి పైకి తిరుగుతుంటాయి. పండగ సేల్‌లో తగ్గుతాయి కాబట్టి కొనే రోజే చూసుకోండి. ఎడమచేతి వాటం వాళ్లు భయపడక్కర్లేదు, డ్రైవర్‌లో తిప్పేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌కి పెడతామనేవాళ్లు ఆ మోడల్ ఆండ్రాయిడ్‌కి పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసుకోండి. పనిచేసినా, ఫోన్ నిలువుగా ఉన్నప్పుడు కొన్నిట్లో పలకలో చిన్న ముక్కే పనిచేస్తుంది. గాజు కూడా పట్టదు అందులో.

ఐప్యాడ్ ఇంట్లో ఉంటే కొత్తది ఎందుకు, అందులోనే గీసుకోండి. కానీ ఒక్కటి. 2023లో వచ్చిన చవక యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్‌కి నొక్కుడు తెలీదు. ఎంత నొక్కినా ఒకే లావు గీత. రాసుకోడానికి సరే, బొమ్మలకి కాదు.

టాబ్లెట్ వచ్చాక మొదటి రోజు చేయాల్సింది: పాత టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా ఉంటే తీసేయడం, కొత్తది కంపెనీ సైట్ నుంచి వేయడం, కంప్యూటర్ రీస్టార్ట్ చేయడం. బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌గా కృత వాడండి, సారీ, క్రిటా. స్వీడిష్‌లో సుద్దముక్క అని అర్థం. వాళ్ల సైట్ నుంచి దించుకుంటే ఉచితం, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దాన్నే డబ్బులకి అమ్ముతారు. గీత లావు సన్నం మారకపోతే క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండుంటాయి, ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి క్రిటా మూసి తెరవండి. నాకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తీరిపోతాయి.

తర్వాత ఓ రెండు వారాలు చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. స్కూటీ నేర్చుకున్నప్పుడు హ్యాండిల్ వైపు చూశారా? రోడ్డు వైపు చూశారు. అలాగే పలక వైపు చూడకండి. రోజూ పది నిమిషాలు తెర మీద రెండు చుక్కలు పెట్టి వాటిని కలపండి.

[దృశ్యం: ఫోన్ తెర. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ.]

మా చెల్లి చిన్నదే కొంది. మిగిలిన డబ్బుతో ఏం చేసిందో అడగలేదు. నిన్న రాత్రి ఈ బొమ్మ పంపింది. "అక్కా, గాజు పెట్టి గీశాను, గుడ్డొచ్చింది."

"టిక్ పెట్టావా?"

"ఏ టిక్కు?"