అలేసియా: తిండి గింజల దగ్గర తేలిన యుద్ధం

అందరికీ నమస్కారం. రోమన్ సేనాపతి సీజర్ గాల్ దేశాన్ని, అంటే దాదాపు ఇప్పటి ఫ్రాన్స్‌ని గెలిచాడు అనగానే కత్తులూ గుర్రాలూ గుర్తొస్తాయి కదా, నేను మాత్రం ఇవాళ తిండి గురించి మాట్లాడతాను.

క్రీ.పూ. 58లో మొదలైన దండయాత్ర అది. అక్కడి కెల్టిక్ తెగలకి ఒకరంటే ఒకరికి పడదు, కొందరైతే రోమన్లతోనే దోస్తీ. క్రీ.పూ. 52లో ఆర్వెర్ని తెగ యువకుడు వెర్సింజెటొరిక్స్ (ఈ పేరుకి నోరు తిరగడానికి నాకు వారం పట్టింది) చాలా తెగల్ని ఒక్కతాటి మీదికి తెచ్చి, రోమన్లకి గింజ దొరక్కుండా మన ఊళ్లు మనమే తగలబెడదాం అన్నాడు. బిటూరిగెస్ తెగవాళ్లవి ఒక్కరోజే 20కి పైగా ఊళ్లు కాలిపోయాయి. వాళ్లదే ఇంకో ఊరు, అవారికం దగ్గరికొచ్చేసరికి మాత్రం, మా అందమైన ఊరిని వదిలెయ్యమని వాళ్లు కాళ్లమీద పడ్డారు, అతను మెత్తబడ్డాడు. సీజర్ దాన్ని పట్టుకున్నాడు. సుమారు 40 వేల మందిలో 800 మందే మిగిలారని ఆయనే రాసుకున్నాడు. లోపలి ధాన్యమంతా రోమన్ల పాలైంది.

తర్వాత గెర్గోవియాలో సీజర్ ఓడాడు. కానీ కొద్ది వారాలకే వెర్సింజెటొరిక్స్ అలేసియా కొండమీద చిక్కుకున్నాడు. సీజర్ కొండ చుట్టూ దాదాపు 16 కిలోమీటర్ల కట్టడం కట్టి, బయటి నుంచి సాయం వస్తుందని తెలిసి, దాని వెనక ఇంకోటి, 21 కిలోమీటర్లది, బయటికి తిప్పి కట్టించాడు! తన మనుషులకి 30 రోజుల తిండి దాచమన్నాడు. కొండమీద ఉన్నదీ ఇంచుమించు అంతే.

అది అయిపోయింది, సాయం రాలేదు. అప్పుడు లోపలివాళ్లు యుద్ధానికి పనికిరాని మాండూబీలని, అంటే ఆ ఊరి సొంత జనాన్ని, ఆడవాళ్లనీ పిల్లలనీ కూడా, బయటికి పంపేశారు. బానిసలుగానైనా తీసుకుని ఇంత తిండి పెట్టండని వాళ్లు ఏడ్చారు. సీజర్ రానివ్వలేదు. ఇటు కోట, అటు రోమన్ గోడ, మధ్యలో వాళ్లు. సీజర్ పుస్తకంలో వాళ్ల కథ అక్కడితో ఆగిపోతుంది, నేను ప్రతిసారీ ఆగిపోయేదీ అక్కడే.

చివరికి సాయం సైన్యం వచ్చింది, ఓడి చెదిరిపోయింది. వెర్సింజెటొరిక్స్ లొంగిపోయాడు. క్రీ.పూ. 46లో రోమ్‌లో అతన్ని ఊరేగించి చంపారు. ఇక బందీలా? ఆర్వెర్ని, ఈడుయి తెగలవాళ్లని, దాదాపు 20 వేల మందిని, ఆ తెగల్ని మళ్లీ తనవైపు తిప్పుకోడానికి సీజర్ వెనక్కి ఇచ్చేశాడు. మిగతావాళ్లని సైనికులకి తలా ఒకరు చొప్పున పంచిపెట్టాడు.