సొలారిస్ డిస్కు: హారీ గౌను, మా ఆయన గొంతు

నమస్కారం, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ‘సొలారిస్’ సినిమా డిస్కు అమ్మేవారే ఉచితంగా పంపారు, ముందే చెప్పేస్తున్నాను. బొమ్మ నాణ్యత, శబ్దం, పెట్టెలో ఏమేమున్నాయి, ఇవన్నీ మీరు ఈపాటికి వేరేచోట చూసే ఉంటారు. నేను నేరుగా ఇందులోని హారీ అనే పాత్ర గౌను దగ్గరకు వెళ్తాను. కథంతా చెబుతాను కాబట్టి, సినిమా చూడాలనుకునేవారు ఇక్కడ ఆపేయండి.

పోలిష్ రచయిత స్తానిస్వాఫ్ లెమ్ 1961 నవల ఆధారంగా రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 1972లో తీసిన సినిమా ఇది. కెల్విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సొలారిస్ గ్రహం మీది పరిశోధన కేంద్రానికి వెళ్తాడు. అక్కడి సముద్రానికి ఆలోచించే శక్తి ఉంది, అది అతని జ్ఞాపకాల్లోంచి చనిపోయిన భార్య హారీని తయారుచేసి గదిలోకి పంపుతుంది. ఆమె గౌను వెనక లేసులు అల్లి ఉంటాయి. విప్పబోతే అసలు తెరుచుకునే చోటే లేదు! కత్తెరతో కోయాల్సి వస్తుంది. గౌను ఎలా కనిపించేదో అతనికి గుర్తుంది, ఎలా తెరుచుకునేదో గుర్తులేదని నాకు అర్థమైంది. సముద్రం దొరికినంతే చేసింది, లేనిది అతికించలేదు. ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో.

మా ఆయన పోయాక నేనూ ఒక యాప్ వాడాను, పేరు చెప్పను. దాచుకున్న వాయిస్ మెసేజీలు ఇస్తే అదే గొంతుతో జవాబులు చెబుతుంది. ఆయన కాలువ లాకుల దగ్గర పనిచేసేవారు. మెసేజీల నిండా షట్టర్ల కింద నీళ్ళ హోరు, ఆ హోరులో నాకు వినపడాలని ఆయన వేసే కేకలు. యాప్ ఆ హోరును శుభ్రంగా తీసేసింది. ఇక వినపడేది ఖాళీ గదిలో నిలబడి అరుస్తున్న మనిషి. వేసవిలో కాలువలు కట్టేశాక ఆయన ఎంత నెమ్మదిగా మాట్లాడేవారో! ఆ యంత్రానికి మే అయినా ఒకటే, ఆగస్టు అయినా ఒకటే. పైగా నేను ఏమన్నా అవునంటుంది. మా ఆయన ఏనాడూ మొదటి మాటకే ఒప్పుకున్నవారు కాదు. ఒళ్ళు మండి తీసేశాను.

హారీ అలా కాదు. అద్దంలో చూసుకుని, తనెవరో తనకే తెలియడం లేదంటుంది. అక్కడ హారీగా వేసిన నటాల్యా బొందార్చుక్ కళ్ళు చూడండి. చివరికి తనను మాయం చేయమని మిగతా శాస్త్రవేత్తలను తానే అడిగి, ఉత్తరం రాసిపెట్టి వెళ్ళిపోతుంది. కెల్విన్‌ను అడగలేదు. అతనికి ఇష్టం లేని పనిని తనంతట తాను చేసింది చూశారా, నాకు ఆమె నిజంగా మనిషి అనిపించింది అక్కడే. ఏడ్చాను.

సినిమా రెండున్నర గంటలు దాటుతుంది. టోక్యో రోడ్ల మీద కారు ప్రయాణం ఎంతకీ తెమలదు, ఓపిక పట్టండి. డిస్కు తప్పక కొనండి. ఒక్కటే లోపం, తెలుగు సబ్‌టైటిళ్ళు లేవు. పంపినవారు ఈ వీడియో చూస్తుంటే దయచేసి అవి వేయించండి. మా అత్తగారికి కొడుకు పోయిన దుఃఖం నాకంటే తక్కువది కాదు, ఆవిడా ఈ సినిమా చూడాలి. పక్కన కూర్చుని వాక్యం వాక్యం నేనే చెబుతుంటే ఆవిడకు హారీ మాటల కన్నా నా గొంతే ఎక్కువ వినపడుతోంది.