బ్లాగు పెట్టే ముందు ఏది తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం.

బ్లాగు పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా మూడు ప్రశ్నలతో వస్తారు. ఎక్కడ పెట్టాలి? ఏం పేరు పెట్టాలి? చూడ్డానికి బాగుండాలంటే ఏం చేయాలి? వీటి మీద నెలల తరబడి మల్లగుల్లాలు పడి, చివరికి ఒక్క ముక్క కూడా రాయకుండా వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. చిత్రమేమిటంటే ఈ మూడూ తర్వాత మార్చుకోగలిగినవే. రంగులు, అక్షరాల సైజు, పైన పెట్టే బొమ్మ, ఆఖరికి బ్లాగు పేరు కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్తే నిమిషంలో మారిపోతాయి. రాసిన టపాలన్నిటినీ, అంటే పోస్టులన్నిటినీ, మూటగట్టుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలిపోవచ్చు కూడా.

వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం కొత్తవాళ్లు ఎవరూ అడగరు. అందుకని ఇవాళ నేను ఎక్కువగా వాటి గురించే మాట్లాడతాను.

అయితే ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు చెప్పకపోతే మీ ధ్యాసంతా అక్కడే ఉంటుంది. ముందు దాన్ని తేల్చేద్దాం. బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. గూగుల్ ఖాతా ఉంటే చాలు, పైసా కట్టకుండా బ్లాగు తెరవవచ్చు. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. అందులో రెండు రకాలున్నాయి, తికమక అంతా అక్కడే. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అంటే వాళ్ల సర్వర్లలోనే మనకు చోటిచ్చే సేవ. దీన్నీ ఉచితంగా మొదలుపెట్టవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికేది ఉత్త సాఫ్ట్‌వేర్. దాన్ని నడపడానికి హోస్టింగ్, అంటే సర్వర్‌లో చోటు, మనమే అద్దెకు తీసుకోవాలి, అప్‌డేట్లు మనమే వేసుకోవాలి, ఎవరైనా హ్యాక్ చేస్తే మనమే ఏడవాలి. మొదటిసారి పెట్టేవాళ్లకు ఈ రెండో రకం వద్దంటాను. రాయడానికి కూర్చున్నవాళ్లు రిపేర్లు చేస్తూ ఉండిపోతారు. కాబట్టి బ్లాగర్ గానీ, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ గానీ, ఏదో ఒకటి. బొమ్మాబొరుసూ వేసి తేల్చుకున్నా నష్టం లేదు.

ఇక అసలు సంగతులకొద్దాం. మొదటిది చిరునామా. బ్లాగు పేరు మార్చినంత తేలిక కాదు ఇది. మీ టపాను ఎవరో చదివి, నచ్చి, దాని లంకెను, అంటే లింకును, ఇంకొకరికి పంపుతారు. మరొకరు దాచుకుంటారు. గూగుల్ తన జాబితాలో రాసుకుంటుంది. ఆ తర్వాత మీరు బ్లాగర్ ఉచితంగా ఇచ్చిన బ్లాగ్‌స్పాట్ చిరునామా మార్చారనుకోండి, ఆ లంకెలన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయి. నొక్కినవాళ్లకు పేజీ లేదన్న మాటే కనిపిస్తుంది. అందుకని పేరు మీద కాదు, చిరునామా మీద ఒక పూట ఆలోచించండి. చిన్నదిగా, ఫోన్లో నోటితో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైపు చేయగలిగేదిగా ఉండాలి. ఈ ఏడాది మీకు ఇష్టమైన విషయాన్ని చిరునామాలో ఇరికించకండి. ఫొటోగ్రఫీ అని పెట్టుకున్న బ్లాగులో రెండేళ్ల తర్వాత లెక్కల పాఠాలు రాయాలనిపించవచ్చు.

తెలుగులో రాసేవాళ్లకు దీనిలోనే ఇంకో చిక్కుంది. బ్లాగర్‌లో శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే, ఆ టపా లంకెకు ఏం పేరు పెట్టాలో దానికి తెలియదు. 'బ్లాగ్-పోస్ట్' అని పెట్టేస్తుంది. తర్వాతి టపాకూ అదే పేరు, పక్కన ఏదో అంకె. వంద టపాలు రాస్తే వందా ఒకేలా ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో దీనికి తలకిందులు. తెలుగు శీర్షికనే లంకెలో పెడుతుంది గానీ, దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే శాతం గుర్తులు, అంకెలు కలిసి మూడు వరుసల కొండవీటి చాంతాడులా వస్తుంది. రెండింటికీ మందు ఒకటే. ప్రచురించే ముందు పక్కనున్న సెట్టింగ్స్‌లో లంకె పేరు మార్చుకునే చోటు ఉంటుంది, బ్లాగర్‌లో దాన్ని పెర్మాలింక్ అంటారు, అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు మీరే రాయండి. ముందే రాయాలి సుమా. బ్లాగర్‌లో ప్రచురించాక మారిస్తే మళ్లీ పాత లంకె చచ్చే కథే.

సొంత డొమైన్, అంటే పూర్తిగా మన పేరు మీదే ఉండే వెబ్ చిరునామా, కొనాలా అని అడుగుతారు. కొనడం అంటాం గానీ, నిజానికి అది ఏటేటా కట్టే అద్దె. కట్టడం మరిచిపోతే కొన్నాళ్లు చూసి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. బ్లాగర్‌లో అయితే డొమైన్ తర్వాత తగిలించుకోవచ్చు, పాత బ్లాగ్‌స్పాట్ లంకెలు కొత్త చిరునామాకు వాటంతట అవే మళ్లుతాయి. కాబట్టి తొందరేం లేదు. రాసే అలవాటు నిలబడిందని మీకు నమ్మకం కలిగాక కొనుక్కోండి. కానీ అప్పుడైనా కొనుక్కోండి. జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో, బ్లాగులు పెట్టుకున్న పోస్టరస్ 2013లో మూతపడ్డాయి. రెండూ ఒకప్పుడు బాగా నడిచినవే. అలా మూతపడినప్పుడు సొంత డొమైన్, చేతిలో బ్యాకప్ ఉన్నవాళ్లు వేరే చోట అదే చిరునామాతో మళ్లీ తెరుచుకోవచ్చు. లేనివాళ్ల లంకెలు ఎప్పటికీ తెగిపోతాయి.

వెనక్కి తీసుకోలేని రెండోది, అన్నిటికన్నా బరువైనది: ఇతరుల గురించి రాసిన మాట. డిలీట్ బటన్ ఉంది కదా అనుకుంటాం. మీరు నొక్కేలోపు ఆ టపా ఈమెయిల్‌గా చందాదారులకు వెళ్లిపోయి ఉండవచ్చు, కొత్త టపాలను ఒకచోట చేర్చి చూపే ఫీడ్ రీడర్లలో నిలిచిపోవచ్చు, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉండవచ్చు. వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ రచయిత్రి తన బ్లాగులో ఆఫీసు వాళ్ల గురించి సరదాగా రాసింది. 2002లో ఉద్యోగం పోయింది. తర్వాత ఆమె చాలా పేరున్న బ్లాగరు అయింది, అది వేరే సంగతి. మనందరికీ అలా కలిసిరాదు.

ఆఫీసు కంటే ఇంట్లోవాళ్ల విషయంలో మనం ఎక్కువ అజాగ్రత్తగా ఉంటాం. పిల్లల అల్లరి, మార్కులు, జబ్బులు రాసేస్తాం. ఆ పిల్లలకు పదిహేనేళ్లు వచ్చాక వాళ్ల క్లాసువాళ్లు అది చదువుతారన్న ఆలోచన రాదు. నా మటుకు నాకు ఒక కట్టుబాటు ఉంది. బతికున్న మనిషి గురించి గుర్తుపట్టేలా రాయాలంటే అడిగి రాస్తాను. అడగడానికి మొహమాటంగా ఉందంటే, అది రాయకూడనిదని లెక్క. మీకు ఇది మరీ చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఇలా వదిలేసినవాటి వల్ల ఏదో పోగొట్టుకున్నానని నాకెప్పుడూ అనిపించలేదు.

కలం పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సొంత పేరుతో రాయాలా, మారు పేరుతో రాయాలా అని సందేహం ఉంటే మారు పేరుతోనే మొదలుపెట్టండి. మారు పేరుతో రాస్తున్నవాళ్లు ఏ రోజైనా సొంత పేరు చెప్పుకోవచ్చు. సొంత పేరుతో రాసినవాళ్లు మళ్లీ ముసుగులోకి వెళ్లలేరు. కాకపోతే మారు పేరు పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. రోజూ వాడే జీమెయిల్‌తో బ్లాగు తెరిస్తే ప్రొఫైల్లో మీ అసలు పేరు, ఫొటో బయటపడే అవకాశం ఉంది. బ్లాగు కోసం విడిగా ఒక ఖాతా తెరవండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో మరో ప్రమాదం ఉంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటో ఎక్కడ తీశారో ఆ ఫైల్లోనే నమోదవుతుంది. ఇంట్లో తీసిన ఫొటోను అలాగే ఎక్కిస్తే ఇంటి అడ్రసు ఇచ్చినట్టే కావచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. పనిలో పనిగా ఫొటో సైజు కూడా తగ్గించండి. ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలుంటే పేజీ తెరుచుకునేలోపు వచ్చినవాళ్లు వెళ్లిపోతారు.

సరే, ఏం రాయాలి?

ముందు, ఏం రాయకూడదో చెప్తాను. 'నా బ్లాగుకు స్వాగతం, ఇక్కడ నేను సాహిత్యం, సినిమాలు, రాజకీయాలు, ప్రయాణాలు, ఆరోగ్యం గురించి రాయబోతున్నాను' అనే టపా వద్దు. ఇలాంటి టపా ఒక్కటే ఉండి, ఆ తర్వాత ఏమీ లేని బ్లాగులు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఎవరో మిమ్మల్ని ఈ మధ్య ఏదో అడిగి ఉంటారు. పాత ఫోన్లోని ఫొటోలు కొత్తదానిలోకి ఎలా వచ్చాయనో, మోకాలి ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లకు మెట్లెక్కగలిగారనో. మీరు చెప్పారు, వాళ్లు విన్నారు. అదే మొదటి టపా. మీరు చేసి చూసిన పని కాబట్టి పుస్తకాల్లో లేని చిన్న చిన్న వివరాలు అందులో ఉంటాయి. చదివేవాళ్లకు పనికొచ్చేవి అవే.

విషయం ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. 2012లో స్కాట్లాండ్‌లో మార్తా పేన్ అనే తొమ్మిదేళ్ల పాప, బడిలో రోజూ పెట్టే భోజనం ఫొటో తీసి, దానికి మార్కులు వేస్తూ బ్లాగు రాసింది. ఎన్ని ముద్దలొచ్చాయి, వెంట్రుకలేమైనా కనిపించాయా అన్నది కూడా లెక్కపెట్టేది. స్థానిక కౌన్సిల్ ఫొటోలు తీయొద్దంది, గోల లేచింది, వెంటనే నిషేధం ఎత్తేసింది. ఆ పాప ఆహార విధానాల మీద వ్యాసం రాసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. రోజుకో ప్లేటు, అంతే.

వయసు మీరిందని వెనకాడేవాళ్లు ఈ హాల్లో కొందరైనా ఉంటారు. స్పెయిన్‌లో మరియా అమేలియా లోపెజ్ అనే ఆవిడకు 2006లో, 95వ పుట్టినరోజు కానుకగా మనవడు బ్లాగు తెరిచి ఇచ్చాడు. ఆవిడ చెబుతుంటే ఇంకొకరు టైపు చేసేవారు. 2009లో పోయేదాకా రాయిస్తూనే ఉన్నారు. టైపింగ్ రాకపోవడం ఇప్పుడు అసలు అడ్డే కాదు. ఫోన్లో తెలుగు కీబోర్డు ఎంచుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలావరకు అదే రాసేస్తుంది. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం మీరు సరిచూసుకోవాలి. పాత డీటీపీ ఫైళ్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అను ఫాంట్లలో ఉన్న మ్యాటర్‌ను నేరుగా బ్లాగులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ చదవగలిగే తెలుగులోకి, మార్చుకోవాలి.

శీర్షిక దగ్గర మనవాళ్లకు కవిత్వం పొంగుతుంది. 'ఒక వాన సాయంత్రం' లాంటి పేర్లు పెడతాం. ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ టపాలో ఉన్నది కారు బ్యాటరీ మార్చిన సంగతైతే వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది? లోపల ఏముందో శీర్షికలో చెప్పండి. వాన సాయంత్రం మొదటి పేరాలోకి రావచ్చు.

ప్రచురించాక ఎంతమంది చూశారో చెప్పే స్టాట్స్‌ను రోజుకు పదిసార్లు చూడటం అందరికీ పట్టే జబ్బే. ఆ అంకెల్లో మీరు మీ బ్లాగును చూసుకున్నవి, మనుషులు కాని బాట్లు వచ్చి పోయినవి కూడా కలిసి ఉంటాయి. మీ సొంత రాకపోకలు లెక్కించవద్దని చెప్పే సెట్టింగ్ బ్లాగర్‌లో ఉంది, పెట్టుకోండి. పెట్టాక అంకె ఎంత పడిపోతుందో చూసి దిగులుపడకండి. కొత్త బ్లాగు గూగుల్‌లో కనిపించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌ది ఉచిత సేవ ఒకటుంది, అందులో మీ బ్లాగు నమోదు చేస్తే దానికి తెలియడం కాస్త త్వరగా జరగవచ్చు. చదివేవాళ్లు లేని ఈ తొలినాళ్లను నేనైతే సెలవుల్లాగే చూస్తాను. గొంతు కుదుర్చుకోవడానికి, లంకెల పద్ధతి సరిచేసుకోవడానికి, రాసింది పదిసార్లు తిరగరాయడానికి మళ్లీ ఇంత తీరిక దొరకదు. నలుగురు చదవడం మొదలయ్యాక ప్రతి మార్పుకూ ఎవరో ఒకరు లెక్క అడుగుతారు.

కామెంట్ల గురించి ఒక్క మాట. మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా పెట్టుకోండి. 'చాలా మంచి వ్యాసం' అని మెచ్చుకుంటూ కింద ఏదో లంకె ఉన్న కామెంట్లలో చాలావరకు స్పామే. ప్రకటనలు, డబ్బులు అంటారా, మొదటి ఏడాది ఆ ఊసే వద్దు. పది మంది చదివే పేజీలో ప్రకటన పెడితే వచ్చేది లేకపోగా ఆ పది మందికీ చికాకు.

చివరిగా ఒక పని. నెలకోసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాకప్ తీసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. టపాలన్నీ ఫైలుగా వస్తాయి. మీ కంప్యూటర్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. ఫొటోలు మాత్రం ఆ ఫైల్లో రావు, వాటిని విడిగా దాచుకోవాలి. రాయడం ఆగిపోయినా సరే, అప్పుడప్పుడు ఆ ఖాతాలోకి లాగిన్ అవుతూ ఉండండి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే అవకాశం ఉందని గూగుల్ 2023లో ప్రకటించింది. బ్లాగు కోసం విడిగా ఖాతా తెరవమన్నాను కదా, మరిచిపోయేది సరిగ్గా అలాంటిదే. దాని పాస్‌వర్డు మీతోపాటు ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండటం మంచిది.

నేను చెప్పాలనుకున్నవి ఇంతే. ఇక మీ ప్రశ్నలు అడగండి. బ్లాగరా వర్డ్‌ప్రెస్సా అని మాత్రం వద్దు.