తినుబండారంలో గంజాయి: ఊరి పాలన చేతిలో ఉన్న పని

(ఒంగోలులో మునిసిపల్ సిబ్బంది, సచివాలయ కార్యదర్శులు, ఉపాధ్యాయులు, చిల్లర వర్తకులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన జిల్లాలో గంజాయి ప్రస్తావన వస్తే మాట సాధారణంగా జాతీయ రహదారి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. విశాఖ మన్యం వైపు నుంచి చెన్నైకి పోయే సరుకుకు 16వ నంబరు రహదారీ, దాని వెంటే సాగే రైలు మార్గమూ ఒంగోలు, నెల్లూరు మీదుగానే ఉన్నాయి గనుక, ఆపిన వాహనాలూ పట్టుబడిన మూటలూ మనకు అలవాటైన వార్తలయ్యాయి. ఇవాళ నేను ఆ మూటల గురించి మాట్లాడను. అదే పదార్థం చాక్లెట్‌గానో, బిస్కెట్‌గానో, ఆయుర్వేద గుళిక పేరుతోనో బడ్డీ కొట్టు సీసాలోకి చేరినప్పుడు ఎవరు చూడాలి, ఏ అధికారంతో చూడాలి అన్నది నా విషయం. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో పాఠశాల పరిసరాల పాన్ డబ్బాల్లో గంజాయి చాక్లెట్లు దొరికాయని పోలీసులు ప్రకటించారు. పాన్ డబ్బా లేని బడి వీధి మన దగ్గర మాత్రం ఎక్కడుంది?

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మత్తు పదార్థం తినే రూపంలోకి మారిన క్షణం నుంచి అది పోలీసుల పని మాత్రమే కాదు, ఆహార తనిఖీ పని కూడా. ఆ పనికి కావలసిన అధికారాల్లో చాలా భాగం ఇప్పటికే పట్టణ, గ్రామ పాలన చేతిలోనూ, దాని పక్కనే పనిచేసే ఆహార భద్రతాధికారి చేతిలోనూ ఉన్నాయి.

పొగగా పీల్చిన గంజాయి ప్రభావం నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది కడుపూ కాలేయమూ దాటి రక్తంలోకి రావాలి గనుక అరగంట నుంచి రెండు గంటల వరకు పెద్దగా ఏమీ తెలియదు. పైగా అందులో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం కాలేయంలో మరో చురుకైన రూపానికి మారి చాలా గంటలు పట్టి ఉంచుతుంది. ఏమీ కాలేదనుకుని మనిషి రెండో ముక్క తింటాడు. తినుబండారాల మీద ఏ దేశం పెట్టిన నిబంధన చూసినా దాని వెనుక ఈ ఆలస్యమే కనిపిస్తుంది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2012 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత 2014 జనవరి 1 నుంచి ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారికి గంజాయిని బహిరంగంగా అమ్మారు. ఆ మార్చిలోనే, స్నేహితుడు కొని తెచ్చిన ఒక కుకీని 19 ఏళ్ల విద్యార్థి ఒకరు తిన్నారు. దానిలో సుమారు 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంది. ఆరు ముక్కలు చేసి ఒక్కొక్కటే తినమని దుకాణంలో చెప్పారు. ఆ యువకుడు ఒక ముక్క తిని, గంటలోపు ఏమీ అనిపించకపోయేసరికి మిగిలినదంతా తినేశారు. మరి కొన్ని గంటలకు నాలుగో అంతస్తు నుంచి దూకి చనిపోయారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఈ ఘటనను 2015లో నమోదు చేసింది. చీటీ మీద సరైన మాటే ఉంది, దుకాణదారుడు సరైన మాటే చెప్పాడు, అయినా ఆ సరుకు రూపమే ప్రమాదకరంగా ఉంది. అందుకే 2015 నుంచి కొలరాడోలో 10 మిల్లీగ్రాముల మోతాదు ముక్కలు విడివిడిగా తుంచుకునేట్టు ఉండాలన్నారు, పొట్లం మొత్తానికి 100 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. 2016లో హెచ్చరిక గుర్తును పొట్లం మీదే కాక తినుబండారం మీదనే ముద్రించమన్నారు. 2017లో మనిషి, జంతువు, పండు ఆకారాలను నిషేధించారు. అయినా ఇళ్లలో పిల్లల చేతికి చిక్కడం ఆగలేదు. అమెరికా విషచికిత్స సలహా కేంద్రాలకు ఆరేళ్లలోపు పిల్లల విషయంలో ఇలాంటి తినుబండారాల గురించి 2017లో 207 కేసులు రాగా, 2021లో 3,054 వచ్చాయి. మనకు ఆ అమ్మకం ఎందుకు అనుమతించకూడదో చెప్పడానికి నాకు ఈ రెండు అంకెలు చాలు.

ఇక స్థానిక ప్రభుత్వాల మాట. కొలరాడో చట్టం ప్రతి నగరానికీ, మన జిల్లా లాంటి ప్రతి కౌంటీకీ దుకాణాలను పూర్తిగా వద్దనే హక్కునిచ్చింది. రాష్ట్ర రాజధాని డెన్వర్ రమ్మంది, దాని పొరుగునే ఉన్న కొన్ని ఊళ్లు వద్దన్నాయి. రమ్మన్న డెన్వర్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. కేంద్ర చట్టం కింద గంజాయి ఇప్పటికీ నిషిద్ధమే గనుక కేంద్ర ఆహార, పురుగుమందుల సంస్థలు ఆ సరుకు నాణ్యత జోలికి రాలేదు. అప్పుడు నగర ఆరోగ్య విభాగమే తయారీ వంటశాలలను తనిఖీ చేసింది, 2015లో పురుగుమందుల అవశేషాలున్న సరుకును నిలిపివేసింది. హోటల్ వంటగదిని చూసే అధికారులే గంజాయి మిఠాయి తయారయ్యే గదినీ చూశారు. ఈ ఉదాహరణను మునిసిపల్ ఆరోగ్య విభాగం వారు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి దుకాణాలు తెరిచినా, రాష్ట్ర లైసెన్సు ఒక్కటీ ఉంటే చాలదు, స్థానిక అనుమతి కూడా కావాలి. ఊరు వేరే హద్దు పెట్టుకోకపోతే బడికి 600 అడుగుల లోపు దుకాణం ఉండకూడదు. అక్కడి నగరాల్లో ఎక్కువ భాగం చిల్లర అమ్మకాన్ని అసలు అనుమతించలేదు. అయితే ఇంటికి చేరవేసే వాహనాలను ఆ నిషేధం ఆపగలదా అన్న తగాదా 2019 తరువాత కోర్టుల దాకా పోయింది. కొట్టు మూసినా పార్సిల్ వస్తుందన్న సంగతి మనకూ వర్తిస్తుంది. కెనడాలో తినుబండారాలు 2019 అక్టోబరులో చట్టబద్ధమయ్యాయి. అక్కడ పొట్లానికి 10 మిల్లీగ్రాములే గరిష్ఠం, పొట్లం సాదాగా, పిల్లలు విప్పలేనట్టుగా ఉండాలి. ఒంటారియో రాష్ట్రం తన పట్టణాలకు 2019 జనవరి 22 వరకు గడువిచ్చి, దుకాణాలు కావాలో వద్దో తేల్చుకోమంది. ముందు వద్దన్న మిసిసాగా నగరం 2023లో సరేనన్నది. ఊరి సభ నిర్ణయం తీసుకోగలదు, మార్చుకోనూగలదు.

మన దేశంలో ఆ ఎంపిక లేదు, ఉండాలని నేను అడగను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని, ఆ మొక్క జిగురైన చరస్‌ను, వాటితో చేసిన ఏ మిశ్రమాన్నయినా, పానీయాన్నయినా నిషేధించింది. అయితే ఆ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకునూ గింజనూ నిర్వచనం బయట ఉంచారు. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ఆకుతో చేసే భంగుకు ఎక్సైజు లైసెన్సు దుకాణాలున్నాయి. ఆ దారిలోనే ఆకుతో చేశామని, ఆయుర్వేదమని రాసుకున్న పొట్లాలు ఇతర రాష్ట్రాల నుంచి దక్షిణాదికి వస్తున్నాయి. నిందితుడు ఆకు అంటాడు, పోలీసు గంజాయి అంటాడు, ఫోరెన్సిక్ నివేదిక వచ్చేదాకా కేసు ఊగిసలాడుతుంది. కర్ణాటక హైకోర్టు 2022లో ఒక బెయిలు కేసులో భంగు ఆ చట్టం కిందికి రాదన్న వాదనను అంగీకరించింది.

ఇక్కడే ఆహార చట్టం ఉపయోగపడుతుంది. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఈ మొక్క గింజను, గింజల నూనెను, పిండిని ఆహారంగా అంగీకరించి, టీహెచ్‌సీకి చాలా చిన్న హద్దు పెట్టింది. గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంగీకారం గింజకే, ఆకుకు లేదు. కనుక ఆకు కలిపిన చాక్లెట్‌ను ఆహారమంటే ఆహార చట్టం ఒప్పుకోదు. ఔషధమంటే తయారీ లైసెన్సు ఉండాలి, భంగు ఉన్న ఆయుర్వేద మందు మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. అలాంటి మందుకు బడి పక్కన మిఠాయి సీసాలో చోటు లేదు. అమ్మినవాడు ఏ పేరు చెప్పినా ఏదో ఒక చట్టం అడ్డు వస్తుంది. మొక్కలో ఏ భాగమన్నది తేలే వరకు ఆగకుండానే ఆ సరుకును కొట్టు నుంచి తీయించవచ్చు. 2006 ఆహార భద్రతా చట్టం కింద అధికారి దుకాణంలోకి వెళ్లి నమూనా తీయవచ్చు, సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. గుట్కాను ఆపిన ఉత్తర్వులు కూడా ఈ చట్టం కింద వచ్చినవే.

మునిసిపాలిటీ దగ్గర ట్రేడ్ లైసెన్సు ఉంది, పంచాయతీకి తన అనుమతులున్నాయి. తోపుడు బండ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చిన ధ్రువపత్రాన్ని షరతులు ఉల్లంఘిస్తే రద్దు చేయవచ్చు. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదన్న నియమం ఎలాగూ అమలు చేయవలసిందే గనుక, ఆ తనిఖీకి వెళ్లినప్పుడే సీసాల్లో విడిగా పోసిన చాక్లెట్లను, గుళికలను కూడా చూడడానికి అదనపు ఖర్చేమీ కాదు. పొట్లం మీద తయారీదారు చిరునామా, పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, పదార్థాల జాబితా ఉన్నాయా అన్నది వార్డు కార్యదర్శి కూడా చదవగలడు. లేనిది కనిపిస్తే ఆహార భద్రతాధికారికి, అనుమానం బలంగా ఉంటే మాదకద్రవ్యాల నిరోధానికి రాష్ట్రంలో 2024 నవంబరులో ఏర్పడిన ఈగల్ పోలీసు దళానికి 1972 ఫోన్ నంబరులో చెప్పాలి. చిన్న కొట్టువారిని దొంగల్లా చూడమని నేను అనడం లేదు. వారిలో చాలామందికి సేల్స్‌మన్ మోటారు సైకిల్ మీద తెచ్చిచ్చిన డబ్బాలో ఏముందో తెలియదు. బిల్లు లేని సరుకు దించుకోకపోవడమే వారికి రక్షణ. ఎందుకంటే కేసు పడితే మోసేది కొట్టు యజమానే, బాలలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి 2015 బాలల న్యాయ చట్టం ఏడేళ్ల వరకు కఠిన శిక్ష పెట్టింది.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. పిల్లవాడు మగతగా, తూలుతూ, మాట తడబడుతూ కనిపిస్తే మందలించడానికి అది సమయం కాదు. వెంటనే రిమ్స్‌కో, దగ్గరి ఆసుపత్రికో తీసుకువెళ్లి, జేబులో దొరికిన కాగితాన్ని పారేయకుండా వైద్యుడికి చూపాలి. తిన్నదాని ప్రభావం ఇంకా పెరిగే అవకాశం ఉంటుంది గనుక కొన్ని గంటలు కనిపెట్టి ఉండడం అవసరం.

కమిషనరు గారికి నా విన్నపం ఇది. ఈ ఏడాది ట్రేడ్ లైసెన్సుల రెన్యువల్ జరిగేటప్పుడు, బడులకూ కళాశాలలకూ దగ్గరగా ఉన్న కిళ్ళీ కొట్లు, కిరాణా కొట్లు, బేకరీల జాబితాను వార్డుల వారీగా వేరు చేయించి, లేబులు లేని తినుబండారాన్నీ గుళికనూ అమ్మబోనన్న షరతును లైసెన్సు మీద తెలుగులో అచ్చువేయించండి. ఆ జాబితా ప్రతిని ఆహార భద్రతాధికారికీ, పోలీసు స్టేషనుకూ పంపించండి.