గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా: అక్కతో కబుర్లు

హోస్ట్: ఆ, రికార్డింగ్ ఆన్ అయింది. అందరికీ నమస్కారం అండి, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు మనతో అక్క ఉన్నారు, సొంత అక్క కాదు గానీ మా వీధిలో అందరికీ అక్కే, ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పదిహేనేళ్ల నుంచి చేస్తున్నారు. అక్కా, పోయిన వారం ఫిషింగ్ హార్బర్ దగ్గర పాత పడవ చెక్క మీద కాలేశాను, మేకు చెప్పులోంచి అరికాల్లోకి దిగిపోయింది. తుప్పు మేకురా, ధనుర్వాతం వస్తుంది అని అమ్మ ఒకటే గోల.

అక్క: ఇంజెక్షన్ చేయించుకున్నావా లేదా, ముందది చెప్పు.

హోస్ట్: ఆ రోజే చేయించుకున్నా అక్కా.

అక్క: మంచి పని చేశావు. అమ్మ భయం కరెక్టే, కాకపోతే తుప్పు వల్ల రాదది. మట్టిలోనూ పశువుల పేడలోనూ క్లాస్ట్రీడియం టెటాని అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది, గట్టి గింజలాగ ముడుచుకుని ఏళ్ల తరబడి అలా పడుంటుంది, దాన్నే స్పోర్ అంటాం. మేకు దాన్ని లోతుగా దింపేస్తుంది, పైన తోలు మూసుకుపోతుంది, లోపల నలిగిన కండకి రక్తం ఆడదు, రక్తం లేకపోతే ఆక్సిజన్ లేదు, ఇంక దానికి కావాల్సింది అదే. అక్కడ మొలకెత్తి విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాల వెంట పోయి కండరాన్ని వదులు చేసే సిగ్నల్ని ఆపేస్తుంది, అప్పుడు దవడ బిగుసుకుపోతుంది, ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. ధనుస్సులా వంగుతుంది కాబట్టే ధనుర్వాతం అన్నారు, ఆ పేరు పెట్టినవాళ్లు కళ్లారా చూసే పెట్టారు. వెనకటికి పురిటి బిడ్డ బొడ్డుకి పేడ రాసేవాళ్లు కొన్ని చోట్ల, ఎంతమంది పసివాళ్లు పోయారో. టీకాలూ, ఆస్పత్రి కాన్పులూ పెరిగాకే 2015 నాటికి మన దేశంలో అది ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒకటి కన్నా తక్కువకి దిగింది. నాకైతే ఇది చంద్రుడి మీదకి వెళ్లినంత గొప్ప విషయం.

హోస్ట్: అసలు గాలంటే ఇలాంటి బ్యాక్టీరియాకి ఎందుకక్కా పడదు?

అక్క: ఆక్సిజన్ వాడే కణంలో దాన్నే దెబ్బతీసే పెరాక్సైడ్ లాంటివి పుడతాయి, వాటిని విరగ్గొట్టే ఎంజైములు మనకున్నాయి, వీటిలో చాలావాటికి అవి లేవు, ఉన్నా చాలవు. గాలి లేకుండా బతికేవి ఉన్నాయని 1861లో పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు.

హోస్ట్: మరి ల్యాబ్‌లో ఎలా పెంచుతారు?

అక్క: అదే మా అవస్థ. చీము దూదిపుల్లతో తెస్తే దారిలోనే సగం చచ్చిపోతాయి, అందుకే సిరంజిలోకి లాగి, గాలి బుడగ బయటికి నెట్టేసి, మూత పెట్టి వెంటనే పంపమంటాం. ప్లేట్లని గాలి చొరబడని జార్‌లో పెడతాం, లోపల ఒక సాచెట్ ఆక్సిజన్ని లాగేస్తుంది, పక్కన మిథిలీన్ బ్లూ పూసిన చిన్న పట్టీ ఉంటుంది. అది నీలంగా ఉన్నంతసేపూ లోపల ఆక్సిజన్ ఉన్నట్టే, తెల్లబడితే అప్పుడు హమ్మయ్య అనుకుంటాం. ఇంకో రెండ్రోజులు తెరవకూడదు. తెరిచినప్పుడు వచ్చే కుళ్లు వాసనుంది చూడు, ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి అదే సగం రిపోర్టు. వీటి మీద వాడే మందు మెట్రోనిడజోల్ తెలుసు కదా, కడుపు బాగోకపోతే ఇస్తారు, అది ఆక్సిజన్ లేని కణంలోకి వెళ్లాకే మందుగా మారి డీఎన్‌ఏని తెంపుతుంది. వేరే ఇన్ఫెక్షన్‌కి వాడుతుంటే చిగుళ్ల జబ్బు కూడా తగ్గడం 1962లో గమనించారు, అలా బయటపడింది దీని సంగతి.

హోస్ట్: అంటే అన్నీ చెడ్డవేనా?

అక్క: అయ్యో కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి మందుగుండు కోసం అసిటోన్ కరువైతే వైజ్‌మన్ అనే కెమిస్ట్ క్లాస్ట్రీడియం జాతిదాన్నే పెట్టి పిండిపదార్థం నుంచి తీయించాడు. అంతెందుకు, మా అమ్మమ్మగారి ఊళ్లో గోబర్ గ్యాస్ ఉండేది, పొద్దున్నే పేడా నీళ్లూ సమానంగా కలిపి పోసేది, గ్యాస్ నిండేకొద్దీ ఆ ఇనప డ్రమ్ము మెల్లగా పైకి లేచేది, అది ఎంత లేచిందో చూసి ఇవాళ పప్పు కూడా ఉడుకుతుంది అనేది. అందులో సుమారు 60 శాతం మీథేన్. ఒక గుంపు పేడని విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తుంది, ఇంకో గుంపు ఆ ఆమ్లాల నుంచి వచ్చినవి తిని మీథేన్ వదులుతుంది. ఈ రెండోవి నిజానికి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అని వేరే రకం సూక్ష్మజీవులు, చాలా నిదానంగా పెరుగుతాయి. అందుకని రైతు బజార్ చెత్తంతా ఒకేసారి కుమ్మరిస్తే మొదటివాళ్లు గబగబా ఆమ్లం చేసేస్తారు, ట్యాంకు పులిసిపోతుంది, మంట ఆరిపోతుంది. కొంచెం కొంచెంగా పొయ్యాలి, పసిపిల్లకి పాలు పట్టినట్టు.

హోస్ట్: మా అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులో జరిగేదీ ఇదేనా? రేపు క్లీనింగ్ ఉందని నోటీసు పెట్టారు.

అక్క: ఇదే. కాకపోతే అక్కడ సల్ఫేట్ మీద బతికేవి హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వదులుతాయి, కుళ్లిన గుడ్డు వాసన, మురుగు గెడ్డల పక్కన వస్తుంది చూడు, అదే. తక్కువుంటే ముక్కు పసిగట్టేస్తుంది, ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన ఆగిపోతుంది, వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు, వాడికోసం దిగిన రెండోవాడూ పోతాడు. రేపు ఎవరు చేస్తున్నారు, బండి వస్తోందా, మనిషి దిగుతున్నాడా?

హోస్ట్: వాచ్‌మెన్ ఎవరో కుర్రాణ్ణి మాట్లాడానన్నాడు... బకెట్టూ తాడూ అన్నాడు.

అక్క: 2013 చట్టం ప్రకారం అలా దింపడం నేరం, చట్టం సంగతి తర్వాత, ఆ పిల్లాడు చచ్చిపోతాడు తమ్ముడూ. రికార్డింగ్ ఆపి ఇప్పుడే ఫోన్ చెయ్యి.

హోస్ట్: చేస్తున్నా అక్కా... హలో, ఆ బాబాయ్, నేనే. రేపు కుర్రాణ్ణి రావొద్దని చెప్పెయ్. లేదు లేదు, మూత కూడా మీరు తియ్యొద్దు, పైపు బండి పిలుద్దాం, డబ్బులు నేను కమిటీతో మాట్లాడతాను.